సెంటర్‌బోర్డు ఊడదీయడం ఎలా: సుత్తి పట్టే ముందు పిన్ను మీద బరువు తీయండి

సెంటర్‌బోర్డు అంటే తెరచాప పడవ గాలికి పక్కకు కొట్టుకుపోకుండా అడుగున ఉన్న సందులోంచి నీళ్లలోకి దించే పలక, అది తిరిగే ఇరుసే పిన్ను. ఈ పిన్ను బయటికి రావడం లేదంటే చాలాసార్లు కారణం తుప్పు కాదు. బోర్డు బరువు దాని మీద కూర్చుని ఉంటుంది. అది చూసుకోకుండా సుత్తి తీసుకుని బాదితే పిన్ను చివర చితికి విచ్చుకుంటుంది. ఆ తర్వాత బరువు తీసినా అది రంధ్రంలోంచి రాదు. ఇంకా బాదితే పక్కనున్న ఫైబర్ పగుళ్లిస్తుంది. ఈ పనిలో సగానికి పైగా జాకీదే, పానాకు మిగిలేది తక్కువ.

ఇక్కడ చెప్పేది ట్రైలర్ మీద లాక్కెళ్లే నాలుగు నుంచి ఆరు మీటర్ల తెరచాప పడవల గురించి. పడవ తిరుపతిలో ఇంటి ఆవరణలోనో రేణిగుంట వైపు షెడ్డులోనో ఉంటుంది, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట దాటించి పులికాట్‌లో దించుతారు అనుకుందాం. పులికాట్ సగటు లోతు మీటరుకు అటూ ఇటూ. పైగా ఉప్పునీళ్లు, బురద, గుల్లలు. లోతు నీళ్లలో తిరిగే పడవకు చాన్నాళ్లకు గాని రాని తంటాలు ఇక్కడ తొందరగా వచ్చేస్తాయి. బోర్డు అంచు నేలకు రాసుకుని చెక్కుకుపోతుంది, సందులో బురద బిగుస్తుంది, పిన్ను రంధ్రం కోలగా అరుగుతుంది. వేసవిలో సరస్సు ఉత్తర భాగం చాలా మేర ఎండిపోతుంది కాబట్టి పడవ ఎలాగూ గట్టు మీదే ఉంటుంది. పని పెట్టుకోవడానికి ఏప్రిల్, మే నెలలు అనువైనవి, రెసిన్ పనిలో ఎండతో వచ్చే చిక్కు ఒకటి తప్ప. దాని సంగతి తర్వాత చెప్తాం.

మీ పడవలో ఉన్నదేది

లేజర్ లాంటి పడవలో ఉండేది డాగర్‌బోర్డు. పట్టుకుని పైకి లాగితే వచ్చేస్తుంది, దానికి ఇంత తతంగం అక్కర్లేదు. ఎంటర్‌ప్రైజ్, జీపీ14 లాంటి వాటిలో పిన్ను మీద తిరిగే తేలికపాటి బోర్డు ఉంటుంది. కాస్త పెద్ద ట్రైలర్ పడవల్లో ఉక్కు ప్లేటో, పోత ఇనుమో ఉండొచ్చు. కటాలినా 22 పడవలో కిందికి దిగే కీల్ (అడుగున ఉండే బరువు పలక) సుమారు 250 కిలోలు. అంత బరువున్నదాన్ని ఇంట్లో కారు జాకీతో దించే ఆలోచనే పెట్టుకోకండి. అది చైన్ పుల్లీ, ఉక్కు దూలం ఉన్న షెడ్డులో చేయాల్సిన పని.

మీ బోర్డు బరువు ముందే లెక్క కట్టుకోండి. పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి, ఉక్కయితే 7.85తో మళ్లీ గుణించండి. వచ్చేది గ్రాములు. 120 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటు దాదాపు 38 కిలోలు తూగుతుంది. మందం 12 మిల్లీమీటర్లయితే 45. ఇంతే పొడవు వెడల్పుల్లో 25 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బోర్డు ఎనిమిది కిలోల లోపే. ముప్పై కిలోలు దాటితే పనికి ఇద్దరు చాలరు, ముగ్గురు కావాలి. మూడోవాడు బరువు మోయడానికి కాదు, జాకీ దగ్గర కూర్చోవడానికి.

తర్వాత పిన్ను ఎక్కడుందో వెతకండి. కొన్ని పడవల్లో బోర్డు దూరి ఉండే ఇరుకు పెట్టెకు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పడవ లోపలే బోల్టు పోతుంది, రెండు చివర్లా నట్టో బోల్టు తలో, రబ్బరు వాషర్ కనిపిస్తాయి. ఇంకొన్నిట్లో లోపల ఏమీ కనిపించదు. పిన్ను పడవ అడుగున సందుకు అటూ ఇటూ బిగించిన రెండు పట్టీల్లో కూర్చుని ఉంటుంది. ఈ రెండో రకంలో పిన్ను ముట్టుకోకుండా పట్టీల స్క్రూలే విప్పాలి, బోర్డు పిన్నుతో సహా కిందికి దిగుతుంది.

పడవను ఎలా నిలపాలి

తేలిక పడవకు తేలిక దారి ఉంది. హల్లు, అంటే పడవ ఒట్టి ఒళ్లు, ఎంటర్‌ప్రైజ్‌ది 94 కిలోలు, జీపీ14ది 133. తెరచాప కొయ్య తీసేసి, నలుగురు పట్టి, పాత టైర్ల మీద పక్కకు పడుకోబెడితే సరి. బోర్డు మీకు ఎదురుగా వస్తుంది, జాకీ అక్కర్లేదు. పడుకోబెట్టే ముందు బోర్డును పైకి ఎత్తే తాడు బిగించి ఉంచండి, లేకపోతే సగం వాలేసరికి బోర్డు తనంతట తానే బయటికి జారి ఎవరి కాలి మీదో పడుతుంది.

బరువు పడవయితే ట్రైలర్ మీదే ఉంచి చేయాలి. ఇక్కడే అందరూ ఇరుక్కుంటారు. బోర్డు సందు కింద ట్రైలర్ అడ్డ దూలం ఉంటుంది, బోర్డు దిగడానికి దారి ఉండదు. పడవను వెనక్కి 30 నుంచి 60 సెంటీమీటర్లు జరపాలి. జరిపితే బరువు ఇరుసు వెనక్కి పోయి ట్రైలర్ ముక్కు గాల్లోకి లేస్తుంది. అందుకని జరపడానికి ముందే ట్రైలర్ వెనక రెండు మూలల కిందా దిమ్మెలు పెట్టండి, ముక్కును బండి హుక్కుకే తగిలించి ఉంచండి, బండికి హ్యాండ్‌బ్రేక్ వేయండి, ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ముందువైపు కట్టిన విన్చ్ (పడవను ట్రైలర్ మీదికి లాగే చక్రం) బెల్టును ఊడదీయకూడదు, వదులు చేస్తూ జరపాలి.

దిమ్మెలంటే చెక్క దిమ్మెలే. ఇంటి పక్కన కట్టడం జరుగుతోంది కదా అని బోలు సిమెంటు ఇటుకలు తెచ్చి పేర్చొద్దు. ఒక్క అంచు మీద బరువు పడితే ముందు చెప్పకుండా పొడైపోతాయి. చెక్క అయితే ముందు నలుగుతుంది, చప్పుడు చేస్తుంది, మీకు తప్పుకునే టైము ఇస్తుంది.

నేల నుంచి ఎత్తు చాలకపోతే లారీ మెకానిక్ షెడ్డుల్లో ఉండే సర్వీసు గుంత వాడుకోవచ్చు. రేణిగుంట, గాజులమండ్యం దగ్గర పాత షెడ్డుల్లో అడిగి చూడండి. ట్రైలర్ చక్రాలు గుంతకు అటూ ఇటూ పడేలా నిలబెడితే బోర్డు నేరుగా గుంతలోకి దిగుతుంది, పడవను అంగుళం కూడా ఎత్తాల్సిన పని లేదు. క్రేన్ పిలిపించడం కంటే చాలా చవక. కాకపోతే గుంతలో మనిషి ఉండగా పిన్ను లాగకూడదు. బోర్డును ఆనించే ఏర్పాటంతా ముందే చేసి, మనిషి పైకి వచ్చాకే లాగాలి.

ముందు రోజు చేయాల్సినవి

సందులో గట్టి పైపుతో మంచినీళ్లు కొట్టండి, కింది నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి. ఎండిన పులికాట్ బురద సిమెంటులా పట్టేస్తుంది కాబట్టి తడిపి రాత్రంతా నాననిచ్చి తెల్లారి మళ్లీ కొడితేనే వదులుతుంది. బోర్డుకూ పెట్టె గోడకూ మధ్య పొడవాటి హ్యాక్‌సా బ్లేడు ఆడించి చూడండి. ఎక్కడ ఆగుతుందో అక్కడ గుల్లో, చిన్న రాయో ఉంది. గట్టుకు తోసినప్పుడు ఎక్కే గులకరాళ్లే ఎక్కువగా బోర్డును బిగిస్తాయి. పై నుంచి ఇనుప రాడ్డు పెట్టి దంచకండి. చెక్క పట్టీతో తట్టండి, కింద ఇంకొకరు బోర్డును ముందుకూ వెనక్కూ ఊపాలి.

నట్ల మీద డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. బ్లో లాంప్‌తో వేడి చేయడం లారీ షెడ్డులో మామూలే గానీ ఇక్కడ పనికిరాదు, నట్టు వేడెక్కే లోపే చుట్టూ ఉన్న రెసిన్ మెత్తబడి పాడవుతుంది. స్టెయిన్‌లెస్ నట్టు, స్టెయిన్‌లెస్ బోల్టు అయితే ఇంకో జాగ్రత్త ఉంది. విప్పుతుండగా బిగుతు పెరుగుతూ పోయి నట్టు వేడిగా తగిలితే మరలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయని అర్థం. ఆపేయండి. కొంచెం నూనె వేసి వెనక్కి తిప్పి చూడండి. రాకపోతే నట్టును హ్యాక్‌సాతో చీల్చేయండి. కొత్త బోల్టుకయ్యే ఖర్చు పెట్టె గోడ రిపేరు ముందు లెక్కలోది కాదు.

పిన్ను తీయడం

ఇక్కడ తొందర పడకండి. బోర్డు పైకి మడిచి ఉన్నప్పుడు దాని బరువు రెండు చోట్ల ఉంటుంది: ముందు పిన్ను మీద, వెనక తాడు మీద. తాడు ఎంత బిగించి కట్టినా పిన్ను వైపు బరువు తగ్గదు. అందుకని ఆనింపులు కూడా రెండు కావాలి. ఒకటి సరిగ్గా పిన్ను కింద, రెండోది బోర్డు వెనక చివర, అంటే తోక దగ్గర. పిన్ను కింద కారు సిజర్ జాకీ పెట్టి, దాని తల మీద చెక్క ముక్క వేయండి. చెక్కకు బోర్డు మందమంత గాడి కోయిస్తే బోర్డు పక్కకు వాలదు. తోక కింద రెండో జాకీ అయినా సరే, చెక్క దిమ్మెలు పేర్చినా సరే. జాకీ కింద నేల మెత్తగా ఉంటే వెడల్పాటి పలక వేయాలి.

నట్లు తీసేశాక బోల్టు తలను వేళ్లతో పట్టుకుని తిప్పడానికి చూడండి. తిరగదు. ఇప్పుడు జాకీని పావు చుట్టు తిప్పండి, మళ్లీ బోల్టు తిప్పి చూడండి. మళ్లీ పావు చుట్టు. ఒక చోట బోల్టు వేళ్లకే కదులుతుంది. అక్కడ ఆపాలి. ఆ చోటు దాటి ఇంకో చుట్టు ఎక్కువ తిప్పితే ఈసారి రంధ్రం కింది అంచు పిన్నును పైకి నొక్కుతుంది, మళ్లీ బిగుసుకుంటుంది. పడవ మొత్తాన్ని జాకీ మీదికి ఎత్తుతున్నారన్నమాట. పిన్ను రావడం లేదని ఇక్కడ సుత్తి అందుకుంటారు చాలామంది. సుత్తి కాదు, జాకీని అర చుట్టు వెనక్కి తిప్పితే సరిపోయేది.

పిన్ను వదులయ్యాక దాన్ని లాగేయకుండా, అదే మందంలో లేదా ఒక మిల్లీమీటరు తక్కువలో ఉన్న ఇంకో రాడ్డుతో వెనక నుంచి తోయండి. పిన్ను 12 మిల్లీమీటర్లదైతే 11 మిల్లీమీటర్ల అల్యూమినియం రాడ్డు బాగుంటుంది. పిన్ను ఒక పక్క బయటికి వస్తుంటే దాని చోటులోకి ఈ రాడ్డు వస్తుంది. బోర్డు ఏ క్షణంలోనూ ఖాళీ రంధ్రంతో ఉండదు. అంతా సిద్ధంగా ఉంది, అందరి చేతులూ బయట ఉన్నాయి అనుకున్నాకే రాడ్డు లాగాలి.

నిజంగానే తుప్పుతో పట్టేసిన పిన్నూ ఉంటుంది. స్టెయిన్‌లెస్ పిన్ను, మామూలు ఉక్కు బోర్డు, ఉప్పునీళ్లు, ఈ మూడూ కలిస్తే తుప్పు ఉక్కునే తింటుంది. తుప్పు తాను తిన్న ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పిన్ను చుట్టూ బిగుస్తుంది. జాకీ ఎక్కడ పెట్టినా బోల్టు కదలకపోతే ఇదే కారణం. అప్పుడు బోల్టు తలకు పొడుగు పానా వేసి ముందు తిప్పి విడిపించాలి. తిరిగిందంటే వస్తుంది. అదీ కాకపోతే బోర్డుకూ గోడకూ మధ్య సందులోంచి బ్లేడు దూర్చి రెండు పక్కలా పిన్నును కోసేయడమే.

దించేటప్పుడు

తాడు విప్పే ముందు దాని పై కొనకు సన్నటి నైలాన్ తాడు ఒకటి కుట్టి కట్టండి. పాత తాడు కిందికి పోతుంటే ఇది తాడు నడిచే గొట్టంలోకి వస్తుంది. తిరిగి బిగించేటప్పుడు కొత్త తాడును లాగేది ఇదే. ఇది మర్చిపోతే వంకర గొట్టంలో తీగ దూర్చుకుంటూ ఒక పూట పోతుంది. ముడి వేయకుండా కుట్టమన్నది కూడా ఎందుకంటే, ముడి ఆ గొట్టం మూలలో తట్టుకుంటుంది.

మాట ఒక్కరిదే ఉండాలి. జాకీ దగ్గరున్నవాళ్లకు "దించన్నా", "ఆపన్నా", ఈ రెండు మాటలు చాలు. అవి చెప్పేది బోర్డు మొత్తం కనిపించే చోట నిలబడ్డవారు. మిగతావాళ్లు సలహాలు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు వైపు ఒక చెయ్యి మందాన, వెనక ఒక చెయ్యి మందాన, రెండు జాకీలనూ విడతలుగా దించండి. ఒకటే దించుకుంటూ పోతే బోర్డు సందులో ఐమూలగా ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ఊపి లాగకండి, తక్కువైన వైపు మళ్లీ ఎత్తండి. బోర్డు సందులో వేలు పెట్టడమంటే కత్తిపీట కింద పెట్టినట్టే. తోలు గ్లౌజులు వేసుకున్నా సరే, ఏదైనా కదిలించాలంటే చెక్కతోనే.

బయటికి వచ్చాక ఏం చూడాలి

రంధ్రాన్ని వెర్నియర్‌తో నిలువునా, అడ్డంగా కొలవండి. 12 మిల్లీమీటర్ల పిన్నుకు 13 దాకా ఉంటే పరవాలేదు. ఒక వైపు 15 చూపిస్తే అరిగినట్టే. పడవ నిలబడి ఉన్నప్పుడు అలలకు కింద టకటకమని కొట్టుకునే చప్పుడు దీనిదే. ఉక్కు ప్లేటయితే రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్పించి, సాపు చేయించి, లేత్ షాపులో కొత్తగా వేయించండి. జింకు పూత ఉన్న ప్లేటయితే వెల్డింగు చేసే చోట పూత మొత్తం గ్రైండ్ చేయమని ముందే చెప్పాలి. జింకు కాలిన పొగ పీలిస్తే ఆ రాత్రికి జ్వరం పట్టుకుంటుంది. చెక్క, ఫైబర్ బోర్డుల్లో రంధ్రాన్ని పెద్దది చేసి, చిక్కటి ఎపాక్సీ రెసిన్‌తో నింపి, ఆరాక నడి మధ్యలో 12 మిల్లీమీటర్లు వేసుకోవాలి. చెక్కకు నీళ్లు తగలకుండా కాపాడేది ఆ ఎపాక్సీ ఉంగరమే. రంధ్రంలో బుష్ (తొడుగు) వేయాలనుకుంటే నైలాన్ వద్దు, నీళ్లు పీల్చి ఉబ్బి పిన్నును పట్టేస్తుంది. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ అడగండి.

ఎండ సంగతి ఇప్పుడు. తిరుపతి మే నెల మధ్యాహ్నం ఎపాక్సీ కలిపితే గిన్నెలోనే పొగలు కక్కి గట్టిపడుతుంది. తెల్లవారుజామున, నీడలో, ఒక్కోసారి వంద గ్రాములకు మించకుండా, లోతు లేని ట్రేలో కలపండి.

పిన్ను కొత్తది వేయడమే మంచిది. హార్డ్‌వేర్ షాపులో మామూలుగా దొరికేది 304 స్టెయిన్‌లెస్, ఉప్పునీళ్లలో గుంటలు పడుతుంది. కావాల్సింది 316. అయస్కాంతం పెట్టి రెండిటికీ తేడా తెలుసుకోలేరు, కాబట్టి 316 అని బిల్లు మీద రాసిచ్చే చోటే రాడ్డు కొని లేత్‌లో చేయించండి. మరలు రెండు చివర్లకే ఉండాలి. బోర్డు రంధ్రంలో, పెట్టె గోడల్లో నున్నటి భాగమే కూర్చోవాలి. మరలు తగిలితే రంధ్రాన్ని ఆకురాయిలా కోసేస్తాయి.

ఉక్కు ప్లేటు తుప్పు పొరలుగా లేస్తుంటే శాండ్ బ్లాస్టింగ్ చేయించి హాట్ డిప్ గాల్వనైజింగ్‌కు (కరిగిన జింకులో ముంచి పూత వేయడానికి) పంపండి. తిరిగొచ్చాక అంచుల్లో గడ్డకట్టిన జింకు బొట్లను ఆకురాయితో తీసేయాలి, రంధ్రాన్ని కూడా ఒకసారి సాపు చేయాలి, లేకపోతే పాత పిన్ను దూరదు. గాల్వనైజింగ్ వద్దనుకుంటే బ్లాస్టింగ్ అయిన రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి, రాత్రి దాటితే మళ్లీ ఎర్రబడుతుంది. గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్ నీళ్లలో మునిగి ఉండే వస్తువుకు పనికిరాదు. పూతలు ఎన్ని వేసినా పక్కల మందం చూసుకోండి. బోర్డుకూ గోడకూ ఒక్కో పక్క మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. ఏటా రంగు మీద రంగు వేసి బోర్డును తామే బిగించుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

పెట్టె లోపలికి ఫోను టార్చితో వీడియో తీయండి. పై మూలల్లోనూ పిన్ను రంధ్రం చుట్టూనూ సన్నటి గీతలు వెతకండి. అనుమానముంటే పడవ లోపల, పెట్టె చుట్టూ, రెండంగుళాల నీళ్లు పోసి కాసేపు వదిలేయండి. సందులోకి కారితే పగులు ఉన్నట్టే.

తిరిగి బిగించడం

విప్పిన వరసకు తిరగేసిందే, రెండు విషయాలు తప్ప. వాషర్ల వరస: బోల్టు తల లేదా నట్టు, లోహపు వాషర్, రబ్బరు వాషర్, గోడ. అవతలి పక్క కూడా గోడను తాకేది రబ్బరే. దాని కింద పాలీయూరిథేన్ సీలెంట్ సన్నగా రాయండి. సిలికాన్ రాస్తే తర్వాత ఆ చోట రంగు గానీ రెసిన్ గానీ పట్టదు. ఇక నట్టు బిగువు. రబ్బరు అంచు కొద్దిగా ఉబ్బి కనిపించగానే ఆపండి. కారకూడదని ఇంకా బిగిస్తే పెట్టె గోడలు లోపలికి వంగి బోర్డును నొక్కుతాయి. నైలాక్ నట్టు వేస్తే ఇంత తక్కువ బిగువులో కూడా ఊడిపోదు. మరలకు గ్రీజు మర్చిపోకండి, మళ్లీ విప్పేది మీరే.

జాకీల మీదే బోర్డును తాడుతో నాలుగైదుసార్లు ఎత్తి దించి చూడండి. గీసుకునే చప్పుడు వస్తే అప్పుడే వెతకాలి, నీళ్లలోకి వెళ్లాక కాదు.

నీళ్లలోనూ రోడ్డు మీదా

గాలికి ఎదురుగా పోతున్నప్పుడు బోర్డు పూర్తిగా కిందికి, పక్క గాలికి సగం, వెనక గాలికి దాదాపు పైకి. తాడు మీద సగం దిగిన చోట రంగు దారంతో గుర్తు చుట్టుకుంటే తల వంచి చూడక్కర్లేదు. పులికాట్‌లో బోర్డు పూర్తిగా దించే లోతు అన్ని చోట్లా దొరకదు. నేలకు తగిలి బోర్డు తనే వెనక్కి మడుచుకోవాలి. అందుకని దించి ఉంచే తాడును క్లీట్‌కు (తాడు చుట్టి కట్టే కొక్కేనికి) గట్టిగా బిగించకుండా మధ్యలో సన్నటి పురికొస ముక్క పెట్టండి. తగిలితే పురికొస తెగుతుంది, పిన్ను మిగులుతుంది. వల కర్రలు పాతిన చోటుకు దూరంగా పోవాలి. బోర్డుకు వల చుట్టుకుంటే మీకు చిరాకే, జాలరికి రోజు కూలీ నష్టం. పులికాట్ పక్షుల అభయారణ్యం కాబట్టి పడవ దించే ముందు అటవీశాఖ వారిని అడిగే వెళ్లండి.

ట్రైలర్ ఎక్కించాక తాడు మీద బోర్డును వేలాడదీసి రోడ్డెక్కకండి. ప్రతి గుంతకూ ఆ దెబ్బ తాడుకూ పిన్నుకూ తగులుతుంది. బోర్డు ట్రైలర్ రోలర్ మీదో, రబ్బరు తొడిగిన దూలం మీదో ఆనేదాకా దించి, తాడు మరీ వేలాడకుండా మాత్రం కట్టండి. పడవను మళ్లీ నీళ్లలో దించే ముందు, ఇంకా ట్రైలర్ మీదుండగానే, ఆ తాడును మళ్లీ పైకి లాగి క్లీట్‌కు కట్టాలి. కట్టకుండా తోస్తే పడవ జారేటప్పుడు బోర్డు దిగి ట్రైలర్ వెనక దూలానికి పట్టుకుంటుంది, ముందు పోయేది పిన్ను దగ్గరి ఫైబరే. నీళ్లలో పడ్డాక పది నిమిషాలయ్యాక ఒకసారి, గంటయ్యాక ఇంకోసారి పిన్ను వాషర్ చుట్టూ వేలితో తడిమి చూడండి. చెమ్మ తగిలితే నట్టు పావు చుట్టు, అంతకు మించి వద్దు.